ఆస్తిహక్కునకు వేసిన కంచెలు – కొన్ని దేశముల చరిత్ర

మనలో చాలామంది ఇండ్లలో ఏదో ఒక కాగితము భద్రముగా ఉండును. కొందరికి పట్టాదారు పాసుపుస్తకము, కొందరికి ఇంటిస్థలపు పట్టా, కొందరికి తాతగారి నాటి క్రయ దస్తావేజు. బీరువాలో బైబిలు ప్రక్కన ఆ కాగితమును దాచుకొని, ఇది నాది అని నిశ్చింతగా నిద్రపోవుదుము. అయితే ఆ "నాది" అను మాట వెనుక ప్రభుత్వము, చట్టము, ఆచారము అను ముగ్గురు సాక్షుల సంతకములు ఉన్నవని సాధారణముగా జ్ఞాపకము చేసికొనము. ఆ ముగ్గురిలో ఏ ఒక్కరు "నీకు లేదు" అన్నను ఆ కాగితము చెల్లదు.

మన సంఘముల నూరేండ్ల చరిత్రను, దైవసేవకుల జీవితములను ఈ సంచికలో పెద్దలు వ్రాయుచున్నారు. నేను వ్రాయబూనినది ఆస్తిహక్కును గూర్చి. ఇది లౌకిక విషయము గదా, శతవార్షిక సంచికలో దీనికి చోటేమిటని కొందరికి తోచవచ్చును. నూరు సంవత్సరములనగా నాలుగు తరములు. మొదటి తరములో మన పెద్దలలో అనేకులకు సెంటు భూమి లేదు. నాలుగవ తరములో చాలామందికి ఇల్లో, పొలమో ఉన్నది. ఈ మార్పులో వారి కష్టార్జితముతో పాటు చట్టములకును పాలున్నది. ఏ దేశములో ఎవరిని ఆస్తి కొననిచ్చిరి, ఎవరిని కొననీయలేదు అని తెలిసికొన్నప్పుడే మన చేతిలోని కాగితము విలువ మనకు తెలియును.

ఆస్తిహక్కు హద్దులేనిదని ఎన్నడును ఎక్కడను చెల్లలేదు. లేవీయకాండము 25వ అధ్యాయములోని సునాద సంవత్సరపు విధి మనకు తెలిసినదే. ఇశ్రాయేలీయుడు తన పొలమును శాశ్వతముగా అమ్మివేయుటకు వీలులేదు. ఏబదియవ సంవత్సరమున అది మొదటి కుటుంబమునకు తిరిగి రావలెను. ఇది కూడ ఆస్తిహక్కునకు వేసిన కంచెయే. కాని అప్పులపాలైనవాని పిల్లలను కాపాడుటకు వేసిన కంచె. చరిత్రలో ఇట్టి కంచెలు కొన్ని ఉన్నవి. బలహీనుని పొలము బయట నిలువబెట్టుటకు బలవంతుడు వేసిన కంచెలు అంతకంటె ఎక్కువ ఉన్నవి. దూరమునుండి చూచినవారికి రెండును ఒకే తీరుగా కనబడును. కనుక ప్రతి కంచె దగ్గర ఆగి, ఇది ఎవరిని కాపాడుచున్నది, ఎవరిని బయట నిలుపుచున్నది అని అడుగవలసియున్నది.

ఐర్లండులో మతమును బట్టి భూమి

ఐర్లండు దేశములో ప్రజలలో అధిక సంఖ్యాకులు రోమను కథోలికులు. 17వ శతాబ్దపు యుద్ధముల తరువాత అధికారము ప్రొటెస్టంటుల చేతిలో స్థిరపడినది. 1641 నాటికి దేశపు భూమిలో సుమారు 60 శాతము కథోలికులకు ఉండెననియు, 1703 నాటికి అది సుమారు 14 శాతమునకు దిగెననియు చరిత్రకారులు లెక్క కట్టిరి. ఆ మిగిలినదానిని కూడ కరిగించుటకు 1704లో డబ్లిన్ పార్లమెంటు ఒక చట్టము చేసినది.

దాని ప్రకారము కథోలికుడు భూమి కొనరాదు. 31 సంవత్సరములకు మించి కౌలుకు తీసికొనరాదు. అతడు చనిపోయినప్పుడు భూమి కుమారులందరికి సమముగా పంచవలెను. సమాన పంపకము చూచుటకు న్యాయముగానే తోచును. కాని ప్రొటెస్టంటు కుటుంబములో భూమి అంతయు పెద్ద కుమారునికి పోవు ఆ దినములలో, కథోలికుని భూమి మాత్రము తరతరమునకు ముక్కలై పోవలెనన్నదే దాని ఉద్దేశము. పెద్ద కుమారుడు ప్రభుత్వ సంఘములో చేరినయెడల మొత్తము భూమికి వారసుడగును. తండ్రి బ్రతికియుండగనే తన స్వంత పొలము మీద జీవితకాలపు అనుభవదారుగా మాత్రము మిగులును. కుమారుని తండ్రిమీదికి ఉసిగొల్పిన చట్టమిది. 1709లో దీనికి మరియొక కొస చేర్చబడినది. కథోలికుడెవడైనను చాటుగా భూమి సంపాదించెనని రుజువు చేసిన ప్రొటెస్టంటునకు ఆ భూమిపై హక్కు కలుగును. అంతకు పూర్వము 1695లోనే కథోలికుని గుఱ్ఱము ఎంత మేలైనదైనను 5 పౌనులు చేతిలో పెట్టి తోలుకొనిపోవుటకు ప్రొటెస్టంటునకు హక్కు ఇయ్యబడినది.

ఫలితము లెక్కలలో కనబడుచున్నది. 1770ల నాటికి కథోలికుల చేతిలో మిగిలిన భూమి సుమారు 5 శాతము. 1778లోను 1782లోను చేసిన చట్టములతో ఈ నిర్బంధములు సడలి, కథోలికులు తిరిగి భూమి కొనుటకు వీలు కలిగినది. అప్పటికి మూడు తరములు గడచిపోయినవి.

ఈ చట్టము చేసినవారును క్రైస్తవులే, దానిచేత దెబ్బ తిన్నవారును క్రైస్తవులే. సంఘ చరిత్ర చదువునప్పుడు మనము ఈ పేజీని త్రిప్పివేసి ముందుకు పోరాదు.

మతము మారినవాని వాటా

మన దేశములో మతమునకు ఆస్తికి ఉన్న ముడి మరియొక విధమైనది. కంపెనీ ప్రభుత్వపు న్యాయస్థానములు అమలు జరిపిన హిందూ ధర్మశాస్త్రము ప్రకారము, కులమునుండి వెలియైనవానికి, మతము విడిచినవానికి పిత్రార్జితములో వాటా పోవుచుండెను. బాప్తిస్మము పొందిన దినముననే అన్నదమ్ముల నడుమ అతని పేరు కొట్టివేయబడినట్లే. భూమి లేని మన పెద్దలకు పోగొట్టుకొనుటకు ఏమియు లేకుండెను గాని, ఆస్తిగల కుటుంబములనుండి వచ్చినవారికి ఇది కఠినమైన పరీక్షగా ఉండెను.

బెంగాలు రాష్ట్రములో 1832లో ఈ నిబంధన సడలింపబడినది. తరువాత 1850వ సంవత్సరపు 21వ చట్టము దానిని కంపెనీ ఏలుబడిలోని ప్రాంతములన్నిటికి వర్తింపజేసినది. మతము మారినందున గాని, కులమునుండి వెలివేయబడినందున గాని మనుష్యునికి వారసత్వపు హక్కు పోదని ఆ చట్టము శాసించినది. కలకత్తానుండియు మద్రాసునుండియు దీనిపై అభ్యంతర పత్రములు వెళ్లినవి. తండ్రికి కర్మకాండ జరుపని కుమారునికి తండ్రి ఆస్తిలో వాటా ఏ న్యాయమున వచ్చునని ఆ పెద్దలు అడిగిరి. వారి దృష్టిలో ఆస్తియు కర్మయు ఒకే త్రాటి రెండు కొసలు. ఆ ప్రశ్నను మనము తేలికగా తీసివేయనక్కరలేదు. అయినను, మనస్సాక్షిని మార్చుకొన్నవాడు ఆకలితో దానికి వెల చెల్లింపరాదను సూత్రము ఆ చట్టముతో నిలబడినది.

మరి క్రైస్తవుడైనవాడు మరణించినప్పుడు అతని ఆస్తి ఏ ధర్మము ప్రకారము పంచవలెను? ఈ ప్రశ్న బళ్లారి పట్టణమునుండి లండను వరకు వెళ్లినది. మాథ్యూ అబ్రహాము అను దేశీయ క్రైస్తవుడు బళ్లారిలో వ్యాపారము చేసి బాగుగా గడించి 1842లో మరణించెను. అతని భార్య షార్లెటు, అతని తమ్ముడు ఫ్రాన్సిస్ ఆస్తికై వ్యాజ్యమాడిరి. మాది అవిభక్త కుటుంబము కనుక నాకును వాటా ఉన్నదని తమ్ముని వాదము. 1863లో ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పినది. క్రైస్తవుడైనవానిని పూర్వపు హిందూ ధర్మము బలవంతముగా పట్టి ఉంచదనియు, దానిని విడుచుటయో, ఆచారముగా నిలుపుకొనుటయో అతని ఇష్టమనియు నిర్ణయించి, తమ్ముని అవిభక్త కుటుంబపు వాదమును త్రోసివేసినది.

ఆ సందిగ్ధమును తీర్చుటకు 1865లో భారత వారసత్వ చట్టము చేయబడి, 1866 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. వీలునామా లేక మరణించిన క్రైస్తవుని ఆస్తిలో కుమారునికి కుమార్తెకు సమాన భాగము, సంతానమున్న విధవరాలికి మూడవ వంతు ఇయ్యవలెనని అందులో ఉన్నది. మరియొక నిబంధన అంతకంటె ఆశ్చర్యకరము. వివాహమాడినంత మాత్రమున భర్తకు భార్య ఆస్తిమీద గాని, భార్యకు భర్త ఆస్తిమీద గాని ఎట్టి హక్కును కలుగదు.

ఆశ్చర్యమెందుకనగా, ఆ చట్టమును చేసిన ఆంగ్లేయుల స్వంత దేశములో అప్పటికి ఇట్టి హక్కు లేదు. ఇంగ్లండులో పెండ్లియైన స్త్రీ చేతిలోని సొమ్ము, నగలు, సంపాదన భర్తవి. ఆమె భూమిమీది అజమాయిషీ భర్తది. ధనిక కుటుంబములు ట్రస్టుల ద్వారా కుమార్తెల ఆస్తిని కాపాడుకొనెడివి గాని, సామాన్యులకు అట్టి దారి లేదు. కరోలిన్ నార్టన్ అను రచయిత్రి 1836లో భర్తనుండి విడిపోయినను, ఆమె పుస్తకములు వ్రాసి సంపాదించిన ధనము చట్టరీత్యా భర్తదే. పిల్లలు కూడ భర్త స్వాధీనములోనే ఉండిరి. ఆమె ఊరకుండక కరపత్రములు వ్రాసి, పార్లమెంటు సభ్యులను కదిలించినది. 1870లో భార్య సంపాదన భార్యదేనని ఒక చట్టము, 1882లో ఆమె ఆస్తి అంతయు ఆమెదేనని మరియొక చట్టము వచ్చినవి. రెండవది 1883 జనవరి 1 నుండి అమలు జరిగినది. అనగా మద్రాసు రాజధానిలోని ఒక తెలుగు క్రైస్తవ స్త్రీకి కాగితము మీద ఉన్న హక్కు, ఇంగ్లండులోని స్త్రీకి 17 సంవత్సరముల తరువాత గాని రాలేదు.

కాగితము మీద ఉన్న హక్కు అని బుద్ధిపూర్వకముగానే వ్రాసితిని. ఆ సంగతికి మరల వచ్చెదను.

దక్షిణాఫ్రికాలో రంగును బట్టి భూమి

1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసునుండి దర్బను రేవునకు చేరినది. నాటాలు చెరకు తోటలలో పనికి ఒప్పంద కూలీలుగా వెళ్లిన మనవారి మొదటి ఓడ అదియే. తరువాత అనేక ఓడలలో తమిళులతో పాటు వేలాది తెలుగువారును ఆ దేశమునకు వెళ్లిరి. 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టు సంఘములు జాన్ రంగయ్యగారిని వారి మధ్యకు మిషనరీగా పంపినవి. కనుక ఆ దేశపు భూమి చట్టములు మనకు పరాయి కథలు కావు.

ఒప్పందము తీరిన కూలీలు కొందరు ఊరి వెలుపల చిన్న చిన్న కమతములు సంపాదించి, కూరగాయలు పండించి, తట్టలలో అమ్మి బ్రదికిరి. కాని ట్రాన్స్‌వాలు రాష్ట్రములో 1885లో చేసిన 3వ చట్టము ప్రకారము, ప్రభుత్వము చూపించిన వీధులలోను వాడలలోను తప్ప ఆసియావారు స్థిరాస్తి కొనరాదు. 1946లో నాటాలులో కూడ భారతీయుల భూమి కొనుగోళ్లకు హద్దులు పెట్టుచు చట్టము చేయగా, మనవారు రెండు సంవత్సరములపాటు సత్యాగ్రహము జరిపి జైళ్లకు వెళ్లిరి. 1950లో ఏ జాతివారు ఏ పేటలో నివసింపవలెనో విభజించు చట్టము వచ్చినది. దానిచేత ఎందరో భారతీయులు తాము కట్టుకొన్న ఇండ్లను విడిచి వేరు పేటలకు తరలవలసి వచ్చినది.

ఆఫ్రికా నల్లజాతివారికి జరిగినది ఇంతకంటె ఘోరము. 1913 జూన్ 19న స్థానికుల భూమి చట్టము అమలులోనికి వచ్చినది. దేశ జనాభాలో మూడింట రెండు వంతులున్న ప్రజలకు దేశపు భూమిలో సుమారు 7 శాతము మాత్రము కేటాయింపబడినది. ఆ హద్దు వెలుపల వారు భూమి కొనరాదు, కౌలుకు తీసికొనరాదు. 1936లో ఆ 7 శాతమును సుమారు 13 శాతము చేయుటకు ఒప్పుకొనిరి. తెల్లవారి పొలములలో పాలుకు సేద్యము చేసికొనుచున్న కుటుంబములు పశువులతో సహా దారిన పడినవి. లూథరను మిషను బడిలో పెరిగిన సోల్ ప్లాట్జె అను పత్రికా సంపాదకుడు సైకిలు మీద తిరిగి వారి స్థితిని కన్నులార చూచి, 1916లో ఒక పుస్తకము ప్రకటించెను. ప్రయాణములో చనిపోయిన పసిబిడ్డను పాతిపెట్టుటకు జానెడు నేల లేక, ఒక కుటుంబము రాత్రివేళ దొంగచాటుగా గొయ్యి త్రవ్వుకొన్న సంగతిని ఆయన అందులో వ్రాసెను.

కాపాడవలసిన ప్రభుత్వమే ఇట్లు చేసినప్పుడు, కంచే చేను మేసినట్లన్న సామెత చాలదు. ఈ చట్టములు 1991లో రద్దు చేయబడినవి. 1913 జూన్ 19 తరువాత జాతిభేద చట్టములచేత భూమి పోగొట్టుకొన్నవారు దానిని తిరిగి అడుగుటకు వీలుగా 1994లో క్రొత్త చట్టము చేసినారు. కాని 80 సంవత్సరములు చేజారిన భూమి ఒక సంతకముతో తిరిగి రాదు. ఆ పని ఎంతయో మిగిలియున్నదని ఆ దేశపు నాయకులే చెప్పుచున్నారు.

కాలిఫోర్నియాలో పౌరసత్వమును బట్టి భూమి

అదే 1913లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము ఒక చట్టము చేసినది. పౌరసత్వమునకు అర్హత లేని విదేశీయులు సాగుభూమి కొనరాదు, మూడు సంవత్సరములకు మించి కౌలుకు తీసికొనరాదు. చట్టములో ఏ దేశము పేరును లేదు. అయితే ఆ కాలమున ఆసియావారికి పౌరసత్వము ఇయ్యకుండిరి గనుక, అది ముఖ్యముగా జపానువారిని ఉద్దేశించినదని అందరికి తెలిసియే యుండెను. 1923లో భగత్‌సింగ్ థిండ్ అను భారతీయుని వ్యాజ్యములో అమెరికా సుప్రీముకోర్టు భారతీయులకు కూడ పౌరసత్వపు అర్హత లేదని తీర్పు చెప్పగా, అక్కడ సేద్యము చేయుచున్న పంజాబీ రైతులు ఈ చట్టము క్రిందికి వచ్చిరి. 1946లో భారతీయులకు పౌరసత్వము పొందు దారి తెరువబడినది. 1952లో ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము భూమి చట్టము చెల్లదన్నది. 1956లో ప్రజలే ఓటు వేసి దానిని తొలగించిరి. నేడు మన ఊళ్ల పిల్లలు ఎందరో ఆ రాష్ట్రములో ఇండ్లు కొనుక్కొని ఫోటోలు పంపుచున్నారు. ఆ తలుపు తెరచినవారు ఎవరో వారికిని చెప్పవలసిన బాధ్యత మనకున్నది.

ఇంత చాలు అన్న కంచె

ఇంతవరకు చెప్పినవన్నియు "నీవు ఎవరవు" అని అడిగిన చట్టములు. "నీకు ఎంత ఉన్నది" అని అడిగిన చట్టములు వేరు. వాటిలో జపాను భూసంస్కరణము ప్రసిద్ధమైనది. అక్కడ సాగుభూమిలో సుమారు 46 శాతమును కౌలుదారులు దున్నుచుండిరి. పంటలో పెద్ద భాగము భూస్వామి గాదెకు పోవుచుండెను. వారి పక్షమున 1922లో కోబే పట్టణములో జపాను రైతు సంఘమును స్థాపించినవారిలో మురికివాడలలో సేవ చేసిన క్రైస్తవ బోధకుడు టొయోహికో కగావా ఒకరు. యుద్ధానంతరము 1946లో చేసిన చట్టము ప్రకారము, ఊరిలో నివసింపని భూస్వామి కౌలుభూమి అంతయు ప్రభుత్వము కొని కౌలుదారులకు అమ్మినది. ఊరిలోనున్న భూస్వామి చాలా ప్రాంతములలో సుమారు రెండున్నర ఎకరముల కౌలుభూమిని మాత్రము ఉంచుకొనవచ్చును. 1950 నాటికి కౌలు సేద్యము సుమారు 10 శాతమునకు తగ్గి, దున్నువాడే భూమికి యజమాని అయినాడు.

మన రాష్ట్రములో 1973లో భూసంస్కరణల చట్టము చేయబడి, 1975 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. ఐదుగురున్న కుటుంబమునకు భూమి తరగతిని బట్టి మాగాణి 10 నుండి 27 ఎకరముల వరకు, మెట్ట 35 నుండి 54 ఎకరముల వరకు పరిమితి. బినామీ పేర్లు, ముందు తేదీల దస్తావేజులు, కాగితము మీద విడిపోయిన కుటుంబములు ఎంతగా ఈ కంచెను దాటినవో గ్రామములలో పెరిగినవారికి నేను చెప్పనక్కరలేదు. 1950 నాటి మన రాజ్యాంగములో ఆస్తిహక్కు ప్రాథమిక హక్కుగా ఉండెను. 1978లో చేసిన 44వ సవరణ దానిని ఆ జాబితానుండి తొలగించి, 300-ఎ అధికరణము క్రింద చట్టబద్ధమైన హక్కుగా మార్చినది. చట్టము ప్రకారము తప్ప ఎవరి ఆస్తిని తీసికొనరాదని ఆ అధికరణము చెప్పుచున్నది.

బలహీనుని చుట్టు వేసిన కంచె

ఇక మూడవ రకము. మన ఏజెన్సీ ప్రాంతములలో షావుకారు అప్పు క్రింద గిరిజనుని భూమి పోవుట చిరకాలపు కథ. 1917లోనే దీనికి అడ్డుకట్టగా ఒక చట్టము వచ్చినది. 1959లో చేసి 1970లో కఠినము చేసిన నిబంధన ప్రకారము, షెడ్యూల్డు ప్రాంతములో భూమిని గిరిజనేతరునికి బదిలీ చేయుట చెల్లదు. దీనినే వాడుకలో "వన్ ఆఫ్ సెవంటీ" అందురు. 1997లో సమత అను సంస్థ వేసిన వ్యాజ్యములో సుప్రీముకోర్టు, ప్రభుత్వము సైతము అక్కడి భూమిని ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇయ్యరాదని తీర్పు చెప్పినది.

ఇచ్చట చదువరి ఒక ప్రశ్న అడుగవచ్చును. దక్షిణాఫ్రికాలో పుట్టుకను బట్టి భూమి కొనరాదన్నప్పుడు అన్యాయమంటిరి, మన ఏజెన్సీలోను పుట్టుకను బట్టియే గదా కొనరాదనుచున్నారు, భేదమేమి? భేదమున్నది. అక్కడ దేశములో అధికభాగమును తమకు ఉంచుకొనుటకు బలవంతులు కంచె వేసిరి. ఇక్కడ తనకున్న కొద్దిపాటి కొండచేను బలవంతుని చేతిలో పడకుండ బలహీనుని చుట్టు కంచె వేయబడినది.

ఇట్టి కంచెలోపలనున్నవానికి కూడ ఇబ్బంది లేకపోలేదు. భూమిలేని పేదలకు ప్రభుత్వము పంచిన అసైన్డు భూములను అమ్మరాదని, కొన్నను చెల్లదని 1977లో మన రాష్ట్రములో చట్టము వచ్చినది. బిడ్డ చదువునకో, వైద్యమునకో డబ్బు కావలసినప్పుడు ఆ పట్టా అక్కరకు రాలేదని మన సంఘములలో బాధపడినవారున్నారు. ఆ చట్టమే లేకున్న మొదటి కరవులోనే ఆ భూమి పోయియుండునని చెప్పువారును ఉన్నారు. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టమును సవరించి, పట్టా పొంది 20 సంవత్సరములు గడచిన అసలు పట్టాదారులకు అమ్ముకొను హక్కు ఇచ్చినారు. చేతికి వచ్చిన స్వేచ్ఛ మేలో కీడో, దానిని వాడుకొను విధమును బట్టి యుండును.

మన ఇంటిలోని కంచె

ఇప్పుడు కాగితము మీది హక్కు సంగతికి వచ్చెదను. కేరళలోని తిరువాన్కూరు సంస్థానములో క్రైస్తవులకు 1916లో ప్రత్యేక వారసత్వ చట్టము చేయబడినది. వీలునామా లేనప్పుడు కుమార్తెకు కుమారుని వాటాలో నాలుగవ వంతు, లేదా 5,000 రూపాయలు, ఏది తక్కువైన అది మాత్రమే. మేరీ రాయ్ అను ఉపాధ్యాయిని దీనిపై సుప్రీముకోర్టునకు వెళ్లగా, 1986 ఫిబ్రవరి 24న తీర్పు వచ్చినది. 1951లోనే భారత వారసత్వ చట్టము ఆ ప్రాంతమునకు వర్తించినదని, కనుక కుమార్తెకు సమాన భాగము ఉన్నదని కోర్టు నిర్ణయించినది. ఆ రాష్ట్రపు సంఘ పెద్దలలో కొందరు ఈ తీర్పును సంతోషముగా స్వీకరింపలేదు. కుటుంబములు చీలిపోవునని భయపడిరి.

మనము వారిని చూచి తల ఊపవచ్చును. మన ఆంధ్ర జిల్లాలలో 1866 నుండియు కుమార్తెకు సమాన భాగము చట్టములో ఉన్నదని గర్వపడవచ్చును. మన పొరుగున హిందూ సోదరీమణులకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా మన రాష్ట్రములో 1985లోను, దేశమంతట 2005లోను గాని రాలేదు. అయితే మన ఇండ్లలో జరుగుచున్నది ఏమి? సబ్‌రిజిస్ట్రారు కచ్చేరి అరుగు మీద దస్తావేజు లేఖరి హక్కు విడుదల పత్రము వ్రాయును. అక్కచెల్లెండ్రు వరుసగా వచ్చి వేలిముద్రయో సంతకమో పెట్టుదురు. "పెండ్లినాడు కట్నమిచ్చితిమి గదా" అని అన్నయ్య అనును. "పుట్టిల్లు ఉంటే చాలు, ఆస్తి నాకెందుకు" అని చెల్లెలు అనును. పండుగనాడు పుట్టింటి గడప తొక్కు యోగము పోవునేమోనని ఆమె భయము. ఆ భయముతో పెట్టిన సంతకమును మనము ఇష్టపూర్వకమైనదని వ్రాయించుకొందుము. ఐర్లండు పార్లమెంటు గాని, కాలిఫోర్నియా శాసనసభ గాని వేయని కంచె ఇది. చట్టము తెరచిన ద్వారమును ఆచారము మూసివేసినది.

సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు ప్రత్యక్షపు గుడారము ద్వారమునొద్ద నిలిచి, మోషే యెదుట, పెద్దల యెదుట తండ్రి స్వాస్థ్యమును అడిగిరి. వారి మాట న్యాయమని తేలినది. 36వ అధ్యాయములో, వారు తమ గోత్రములోనే వివాహమాడవలెనని ఒక నిబంధన చేర్చబడిన మాటయు నిజమే. మొదటి హక్కుతో పాటే మొదటి షరతు వచ్చినది. అయినను వారు అడుగకయున్నయెడల ఆ విధి వ్రాయబడియుండెడిది కాదు.

మన సంఘములు రెండవ నూరేండ్లలో అడుగు పెట్టుచున్నవి. పెద్ద పెద్ద చట్టములు చేయుట మన చేతిలో లేదు. కాని తండ్రియైనవాడు తెలివితో ఉండగా వీలునామా వ్రాసి, అందులో కుమార్తె పేరు వ్రాయుట మన చేతిలో ఉన్నది. విడుదల పత్రము మీద సంతకము తీసికొనకముందు దానిని చెల్లెలికి పూర్తిగా చదివి వినిపించి, నీకు ఇష్టమేనా అమ్మా అని అడుగుట, ఆమె కాదన్నను పండుగకు పిలుచుట మన చేతిలో ఉన్నది. విధవరాలైన కోడలి మూడవ వంతును ఆమెకు అప్పగించుట మన చేతిలో ఉన్నది. మన తాతలకు ఇతరులు వేసిన కంచెలను గూర్చి బాధతో చెప్పుకొను మనము, మన ఇంటి ఆడబిడ్డకు మనమే ఒక కంచె వేయకుందుము గాక.